ఉప్పు లెక్క

ఒరేయ్ లెక్కల మాస్టారూ,

నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. జవాబు రాయనందుకు ఈపాటికి నన్ను తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. ఫోను చేయవచ్చు కానీ, ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను ఊ కొడతాను. కాగితం మీద అయితే నాకూ వంతు వస్తుంది. పైగా నువ్వు అడిగిన సంగతి ఊ కొట్టి తేల్చేది కాదు.

నీ మనవరాలికి హైదరాబాదులో ఎం.ఏ. ఎకనామిక్స్‌లో సీటు వచ్చిందన్న కబురు వినగానే మా ఆవిడ నా షుగరు సంగతి మరిచిపోయి బెల్లం ముక్క నోట్లో పెట్టింది. ఆ తర్వాత నువ్వు రాసిన రెండు పేజీల ఏడుపు చదివేసరికి ఆ తీపి కాస్తా దిగిపోయింది. "టీవీలో ఒకాయన దేశంలో పేదలు 5 శాతం కూడా లేరంటాడు. ఇంకొకాయన వచ్చి పాతిక దాటారంటాడు. ఇద్దరి పేర్ల ముందూ ప్రొఫెసరే. నలభై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఒక లెక్కకు రెండు జవాబులు వస్తే ఒకటి కొట్టేసినవాణ్ణి. ఏసీ గదుల్లో కూర్చుని తోచిన అంకె వేసుకునేవాళ్ల మధ్యకు పిల్లను పంపమంటావా?" అని కదూ రాశావు.

ఏసీ గది మాటకు నాకు కోపం రాలేదు. సర్వీసులో సగకాలం నేనూ ఆ మాటే అన్నాను. కానీ గణాంక శాఖలో ముప్పై ఏళ్లు షెడ్యూలు, అదే మా ప్రశ్నల పట్టిక, చంకన పెట్టుకుని గడప గడపకూ తిరిగినవాడిగా ఒకటి చెబుతాను, విను. ఒక లెక్కకు ఒకే జవాబు ఉండాలన్నది నిజమే, ప్రశ్న ఒకటే అయినప్పుడు. మా లోకంలో తగాదా అంతా ప్రశ్న దగ్గరే. అందులోనూ ఒక్క చిన్న ముక్క దగ్గర: ఏడు రోజులా, ముప్పై రోజులా?

నవ్వకు. దీనికో కథ ఉంది.

2000 జనవరి. ఇంటింటి ఖర్చులు అడిగి రాసుకునే జాతీయ శాంపిల్ సర్వే 55వ రౌండు, అంటే 55వ విడత, నడుస్తోంది. కేంద్రం వాళ్లు కొన్ని ఊళ్లు చూస్తే, వాటికి జోడీగా రాష్ట్రం తరఫున మేము మరికొన్ని ఊళ్లు చూసేవాళ్లం. నాకు కందుకూరు దగ్గర ఒక ఊరు పడింది. సంక్రాంతి వెళ్లి పది రోజులైంది. శాంపిల్‌లో వచ్చిన ఇల్లు ఒక కూలి కుటుంబానిది. ఆ ఇంటావిడ అరుగు మీద మిరపకాయల పోగు ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. నా షెడ్యూలులో మూడు వందల పైచిలుకు వస్తువులు. బియ్యం, కందిపప్పు మొదలుకుని వక్కపొడి, తలనూనె, చెప్పులు, బస్సు చార్జీల దాకా. తిండి వస్తువులకు ఆ ఏడాది రెండు గళ్లు పక్కపక్కనే ఇచ్చారు: గత 7 రోజుల్లో ఎంత, గత 30 రోజుల్లో ఎంత.

"వారంలో నూనె ఎంత వాడారమ్మా?"

"పావుకిలో."

"మరి నెలలో?"

ఆవిడ తొడిమ తీయడం ఆపి, జాలిగా నా వంక చూసింది. "వారానికి పావు అన్నాను కదా నాయనా, నెలకు కిలో. నాలుగుతో హెచ్చవేసుకోవడం కూడా రాదా, ఇంత చదువు చదివి?"

నాకు హెచ్చవేత వచ్చు. కానీ ఆవిడను అడగాల్సింది ఆ లెక్క కాదు. ఆ నెలలో నిజంగా డబ్బాలో పోసిన నూనె ఎంత అన్నది నాకు కావాలి. పండుగ అరిసెలకు కాగిన నూనె అందులో ఉండాలి. అది కాస్తా వారం లెక్కను నాలుగుతో గుణిస్తే ఎగిరిపోయింది. మాంసం దగ్గర దీనికి ఎదురు జరిగింది. "ఈ వారం తిన్నారా?" అంటే, "ఎందుకు తినలేదు, మొన్న కనుమకు తెచ్చుకున్నాం" అంది. కనుమ వెళ్లి తొమ్మిది రోజులమ్మా, వారం దాటింది అంటే, "నీకు వారం, నెల అని గళ్లున్నాయి కానీ మాకు పండుగ నిన్న మొన్న వెళ్లినట్టే ఉంది, రాసుకో" అని మళ్లీ మిరపకాయల మీద పడింది. ఇంటాయన తాగుడు సంగతి అడిగితే ఆయన "ఎప్పుడో అమావాస్యకో పున్నానికో" అన్నాడు. ఆయన వెనక నుంచి ఆవిడ నాలుగు వేళ్లు చూపించింది. వారానికి నాలుగు రోజులనో, రోజుకు నాలుగు గ్లాసులనో ఇప్పటికీ తెలియదు. ఆ గడిలో ఏం రాశానో అడగకు.

ఇదంతా కథ కోసం చెప్పడం లేదు. మనిషి జ్ఞాపకం రెండు వైపులా మోసం చేస్తుంది మాస్టారూ. నెల అని అడిగితే చిన్నా చితకా మరిచిపోతారు. అరటిపండ్లు, టీ, బీడీలు జారిపోతాయి. వారం అని అడిగితే వెనకటి పండుగను కూడా ఈ వారంలోకి లాక్కొస్తారు. అంతకు ముందు, 1994 నుంచి 1998 దాకా జరిగిన రౌండ్లలో దీన్ని పరీక్షించారు. కొన్ని ఇళ్లలో తిండి లెక్క 30 రోజులకు, మరికొన్ని ఇళ్లలో 7 రోజులకు అడిగారు. ఏడు రోజుల ఇళ్లలో ఖర్చు ఎక్కువ తేలింది. దాంతో ఏం జరిగిందో తెలుసా? కొలిచిన పేదరికం దాదాపు సగానికి సగం పడిపోయింది! ఒక్కడికీ కూలి పెరగలేదు, ఒక్క ఇంటికీ అదనంగా సోలెడు బియ్యం రాలేదు, కాగితం మీద కోట్లమంది గట్టెక్కారు. ఎందుకంటే ఇంత ఖర్చు కూడా పెట్టలేనివాడు పేదవాడని సర్కారు ఒక గీత గీస్తుంది, మన దేశంలో జనం ఆ పేదరికపు గీతకు అటూ ఇటూ, తిరునాళ్లలో తాడు పట్టుకుని నిలబడ్డట్టు కిక్కిరిసి ఉంటారు. తాడు జానెడు జరిపితే చాలు, ఇటువాళ్లు అటైపోతారు.

ఇక ఆ 55వ రౌండు ఫలితం వచ్చింది. 1993-94లో 36 శాతం ఉన్న పేదరికం 1999-2000కి 26.1 శాతానికి దిగిందన్నారు. ఆర్థిక సంస్కరణలను మెచ్చుకునేవాళ్లు చూశారా అన్నారు, తిట్టేవాళ్లు దొంగలెక్క అన్నారు. తేడా ఎక్కడ పుట్టిందంటే, మా రెండు గళ్ల దగ్గర. పక్కపక్కనే అడిగేసరికి ఇంటింటా జనం ఒకదానికొకటి సరిపెట్టి చెప్పారు, దాంతో చాలా చోట్ల నెల ఖర్చు పెరిగి పేదలు తక్కువ తేలారన్నది అనుమానం. కందుకూరు దగ్గర మిరపకాయల పోగు ముందు ఆవిడ వేసిన హెచ్చవేత ఎక్కడో అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం దాకా వెళ్లిందని నాకు చాలా ఏళ్లకు కానీ తెలియలేదు.

అక్కడ ఆంగస్ డీటన్ అనే ప్రొఫెసరు దీన్ని పట్టుకున్నాడు. 2015లో నోబెల్ వచ్చింది చూడు, ఆయనే. ఆయన చేసిన పని నీకు నచ్చుతుంది, నీ తరహా చిట్కా. షెడ్యూలులో అన్నీ మారలేదు కదా. కట్టెలు, కిరోసిను లాంటి వాటికి పాత రౌండులోనూ కొత్త రౌండులోనూ 30 రోజులకే అడిగారు. కాబట్టి ఆ మారని గళ్లను పట్టుకుని, వాటి మీద ఇంత ఖర్చు పెట్టే ఇల్లు పేదదయ్యే అవకాశం ఎంత అని పాత రౌండు నుంచి చూసి, దాన్ని కొత్త రౌండుకు వేశాడు. అలా చూస్తే సర్కారు అంకె కన్నా పేదలు కొంచెం ఎక్కువే తేలారు కానీ, పేదరికం తగ్గిన మాట చాలావరకు నిజమే అన్నాడు. జాన్ డ్రేజ్ అనే ఇంకో ఆర్థికవేత్తతో కలిసి 2002లో దాని మీద వ్యాసం రాశాడు. అభిజిత్ సేన్ లాంటి ఆర్థికవేత్తలు ఒప్పుకోలేదు, అంత తగ్గలేదన్నారు. ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఎవరి లెక్క వాళ్లు దాచుకోకుండా బయట పెట్టి మరీ వాదించుకున్నారు. నువ్వు టీవీలో చూసే అరుపులకూ దీనికీ సంబంధం లేదు.

అసలు ఈ గుణం ఈ సర్వే పునాదిలోనే ఉంది. 1950లో దీన్ని మొదలుపెట్టిన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్‌కు ఇదే సందేహం వచ్చింది. నెల అడగాలా, వారం అడగాలా? ఆయన కలకత్తాలో కుర్చీలో కూర్చుని తేల్చలేదు. జనాన్ని అడిగిన లెక్కను, ఇళ్లలో నిజంగా తూచి చూసిన లెక్కతో పోల్పించాడు. నెల జవాబే నిజానికి దగ్గరగా ఉందని తేలింది. మనవాళ్లు అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తారు కదా, శాంపిల్ అంటే అంతేనని నువ్వు క్లాసులో చెప్పేవాడివి. ఒక చిన్న సవరణ. అన్నం గిన్నె అంతా ఒకే మంట మీద ఉడుకుతుంది. ఊరు అలా ఉడకదు. పెద్ద వీధి మెతుకు వేరు, వాడ మెతుకు వేరు. అందుకే ముందు ఊరంతా తిరిగి ఇళ్ల జాబితా రాసి, ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ విడదీసి, అప్పుడు ఇళ్లను తీసేవాళ్లం. ప్రతి ఊళ్లోనూ ఒక పెద్దమనిషి వచ్చి, "నన్ను వదిలేసి మా పాలేరు ఇంటికి వెళతావేమయ్యా, వాడికేం తెలుసు?" అని కోప్పడేవాడు.

గణాంక శాస్త్రవేత్త, మన సి.ఆర్. రావు గారు ఒక ఉదంతం చెప్పేవారు. అవును, విశాఖలో లెక్కలు చదివి కలకత్తా వెళ్లి, 102 ఏళ్లు బతికి 2023లో పోయిన ఆ రావు గారే. 1947లో ఢిల్లీలో గొడవలు జరిగినప్పుడు జనం ఎర్రకోటలో తలదాచుకున్నారు. లోపల ఎంతమంది ఉన్నారో సర్కారుకు తెలియదు. తిండి పెట్టే కాంట్రాక్టరు మాత్రం బిల్లులు పంపుతున్నాడు. అన్ని తలలు లెక్కించే వీలు లేదు. మహలనోబిస్ శిష్యగణంలోని సేన్‌గుప్తా అనే ఆయన బిల్లుల మీద పడ్డాడు. మనిషికి రోజుకు బియ్యం ఎంత, పప్పు ఎంత, ఉప్పు ఎంత అన్నది పాత సర్వేల నుంచి తెలుసు. బిల్లులో బియ్యాన్ని మనిషి తినే బియ్యంతో భాగిస్తే జనం బోలెడుమంది తేలారు. ఉప్పును ఉప్పుతో భాగిస్తే చాలా తక్కువ తేలారు. ఏది నిజం? ఉప్పే! ఆ రోజుల్లో ఉప్పు ఖరీదు ఎంతని? కాంట్రాక్టరు బియ్యంలో దోచుకుంటాడు కానీ ఉప్పులో దొంగలెక్క రాసి ఏం బావుకుంటాడు? హుమాయూన్ సమాధి దగ్గరి చిన్న శిబిరంలో మనుషుల సంఖ్య తెలుసు కాబట్టి అక్కడ ఈ పద్ధతి సరిచూశారు, సరిపోయింది. ఈ కథ ఎప్పుడు తలుచుకున్నా నాకు ఉత్సాహం వస్తుంది. ఆర్థికశాస్త్రం అంటే ఏమిటని మీ మనవరాలు అడిగితే నేనైతే ముందు ఇది చెబుతాను.

నీ పాత కోపం ఒకటుంది, దాన్నీ కాస్త దులుపుతాను. 2011 సెప్టెంబరులో ప్రణాళికా సంఘం, ఆర్థికవేత్త సురేశ్ టెండూల్కర్ సంఘం చెప్పిన పద్ధతి లెక్కన, సుప్రీంకోర్టులో పట్టణంలో రోజుకు 32 రూపాయలు, పల్లెలో 26 రూపాయలు ఖర్చు పెట్టగలిగినవాడు పేదవాడు కాడని చెప్పింది. అప్పుడు నువ్వు రాసిన ఉత్తరం నా పెట్టెలో ఉంది. "ఆ టెండూల్కర్ ఎవరో గానీ 32 రూపాయలతో ఒక్క రోజు మా ఊళ్లో హోటల్లో తిని చూపించమను" అని రాశావు. దేశమంతా అదే మాట అంది. కానీ అప్పటికి సురేశ్ టెండూల్కర్ గారు చనిపోయి మూడు నెలలు. జవాబు చెప్పుకునే వీలు కూడా లేదు పాపం. నీకు తెలియని ముక్క మరొకటి. ఆ గీతను కిందికి దించింది ఆయన కాదు, పల్లెల్లో పైకి జరిపిందే ఆయన. అంతకుముందు 1979 నాటి లెక్క ఉండేది. పల్లెలో రోజుకు 2400 కేలరీలు, పట్టణంలో 2100. అంత తిండి దక్కే ఖర్చు 1973-74 ధరల్లో పల్లెలో నెలకు మనిషికి 49 రూపాయల 9 పైసలు. దాన్నే ధరలతో పెంచుకుంటూ వచ్చారు. ఆ దారిన 2004-05లో పల్లె పేదలు 28.3 శాతం అంటే, టెండూల్కర్ సంఘం బడి, వైద్యం ఖర్చులు కూడా చూడాలని పద్ధతి మార్చి 41.8 శాతం అంది. పేదల సంఖ్యను పెంచిన మనిషిని పేదల శత్రువని తిట్టాం, నువ్వూ నేనూ కూడా. గీత మాత్రం నాకూ తక్కువగానే తోస్తుంది. తర్వాత రంగరాజన్ గారి సంఘం 2014లో దాన్ని పల్లెలో రోజుకు 32 రూపాయలకు, పట్టణంలో 47 రూపాయలకు పెంచితే, 2011-12 పేదలు 21.9 శాతం కాస్తా 29.5 అయ్యారు. చూశావా, మళ్లీ తాడు జరిగింది.

మన సంగతి తీసుకో. టెండూల్కర్ లెక్కన 2011-12లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదలు 9.2 శాతమే. మీ వీధిలో తెల్లకార్డు లేని ఇళ్లు ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పటి నుంచి మన దగ్గర పేదరికానికి కొలబద్ద కేలరీలు కాదు, కార్డు. నేను షెడ్యూలు తీయగానే ఎదుటివాళ్ల మొదటి ప్రశ్న "కార్డు తీసేస్తారా?" అనే. ఆ భయంతో పాలు తాగేవాళ్లు తాగడం లేదనీ, గోడకు టీవీ ఉన్నా పక్కింటివాళ్లదనీ చెప్పేవాళ్లు. ఆ భయానికి షెడ్యూలులో గడి లేదు.

ఒకసారి ఢిల్లీ నుంచి ఒక ప్రొఫెసరు నాతో ఊరికి వచ్చారు. పేరు రాయను, ఆయనకు ఇష్టం ఉండదు. రెండున్నర గంటలు ఒక ఇంటి అరుగు మీద బాసింపట్టు వేసుకుని, నోరు మెదపకుండా నా ప్రశ్నలన్నీ విన్నారు. నాకు లోపల దడ, ఏ తప్పు పడతారోనని. బయటికి వచ్చాక ఒకటే అడిగారు: "జవాబులు మగాయన చెప్పారు కదా, ఆ ఇంట్లో సరుకులు తెచ్చేదెవరు?" అప్పటికి నేను ఎన్ని వందల ఇళ్లు చూశానో, ఆ సంగతి పట్టించుకోలేదు. మర్నాటి నుంచి వంటింటి గుమ్మం దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. ఉప్పు, చింతపండు, పచ్చిమిరపకాయల లెక్కలు ఒక్కసారిగా పెరిగాయి. ఏసీ గదివాళ్లలో ఇలాంటివాళ్లూ ఉన్నారు. లేనివాళ్లూ ఉన్నారు, కాదనను. నేను ఎండలో రాసుకొచ్చిన గడి వాళ్లకు దేవుడిచ్చిన అంకె. ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అన్న అనుమానమే రాదు వాళ్లకు.

నాకు నిజంగా కడుపు మండింది మాత్రం 2019లో. 2017-18లో ఇలాగే దేశమంతా తిరిగి రాసుకొచ్చిన ఖర్చుల సర్వేను ప్రభుత్వం విడుదల చేయలేదు. జనం ఖర్చు తగ్గిందని తేలినట్టు పత్రికలో వచ్చింది. సర్కారేమో డేటా నాణ్యత బాగాలేదంది. నాణ్యత బాగాలేకపోతే బయట పెట్టు, డీటన్ లాంటివాళ్లు పట్టుకుని విప్పి చూస్తారు, 55వ రౌండును అలాగే చూశారు కదా! అదే ఏడాది జనవరిలో, ఉద్యోగాల సర్వే నివేదికను ఆపేశారని జాతీయ గణాంక కమిషన్ నుంచి పి.సి. మోహనన్ గారు, జె.వి. మీనాక్షి గారు రాజీనామా చేశారు. ఆ మీనాక్షి గారు తిండి ఖర్చుల లెక్కల మీద ఎంతో పనిచేసినావిడ. మా ఆఫీసులో రిటైరైన ముసలాళ్లం ఆ వార్త ఒకరికొకరు చదివి వినిపించుకున్నాం.

తర్వాతి సర్వే 2022 ఆగస్టు నుంచి ఏడాది పాటు, రెండు లక్షల అరవై వేల పైచిలుకు ఇళ్లలో జరిగింది. పల్లెలో మనిషికి నెలకు 3773 రూపాయలు, పట్టణంలో 6459 రూపాయలు ఖర్చు తేలింది. పల్లెల్లో కూడా తిండి వాటా సగం కన్నా తగ్గింది. అది చూసే నీతి ఆయోగ్ పెద్ద పేదలు 5 శాతం లోపే ఉండవచ్చన్నారు. నువ్వు టీవీలో విన్న అంకె అక్కడిది. కానీ ఈసారి ఒకే ఇంటికి మూడుసార్లు వెళ్లారు, ప్రశ్నలను మూడు భాగాలు చేశారు. మంచి పనే, రెండున్నర గంటలు కూర్చోబెడితే చివరి వంద వస్తువులకు ఎవరైనా "లేదు, లేదు, లేదు" అంటారు. అయితే ప్రశ్న మారింది కనుక పాత అంకె పక్కన దీన్ని పెట్టి తీసివేత చేయకూడదు. పేదరికం తగ్గిందా అంటే, తగ్గిందనే నా కళ్లు చెబుతున్నాయి. 5 శాతమా అంటే, అరుగు మీద కూర్చున్నవాడిగా నేను సంతకం పెట్టను.

నీ ఉత్తరం వచ్చాక ఊరుకోలేక ఇంట్లోనే ఒక రౌండు నడిపాను. ముందు మా ఆవిడను వారంలో నూనె ఎంత వాడావని అడిగాను. కిలో అంది. రెండు రోజులు ఆగి, మరిచిపోయి ఉంటుందని, నెలకెంత అని అడిగాను. మూడు కిలోలంది. వారం లెక్కన అయితే నెలకు నాలుగుంపావు దాటాలి. అప్పటి నుంచి రోజూ తెల్లవారుజామున లేచి, ఆవిడ నిద్ర లేవకముందే నూనె డబ్బాను కాటాలో పెట్టి తూస్తున్నాను. ఎనిమిదో రోజు పట్టుబడ్డాను. కాటా లాగేసుకుని, "ముందు మీరు నాకు తెలియకుండా తినే మిక్చరు వారానికెంతో చెప్పండి, ఏడు రోజుల గడి చాలా, ముప్పై కావాలా?" అంది. సర్వే అక్కడితో ఆగింది. డేటా విడుదల చేయడం లేదు.

మనవరాలిని బయల్దేరేముందు ఒక పూట ఇటు పంపు. నా దగ్గర 55వ రౌండు నాటి ఖాళీ షెడ్యూలు ఒకటి మిగిలింది, అంచులు చెదలు కొట్టింది కానీ గళ్లు కనిపిస్తున్నాయి. దాన్ని తీసుకుని మీ వీధిలో ఒక ఇంటికి వెళ్లి ఉప్పు దాకా అయినా నింపమను. నీ ఇంటికి మాత్రం వద్దు, నువ్వు అన్నీ నాలుగుతో హెచ్చవేసి చెబుతావు.

మా ఆవిడ పిల్లకు ఆవకాయ జాడీ కట్టి పెట్టింది. అందులో ఉప్పు ఎంత వేశావని అడిగితే చెప్పలేదు, "చేత్తో వేశాను" అంది.

ఇట్లు,
నీ షెడ్యూలు స్నేహితుడు

తాజా కలం: చెల్లెమ్మకు మోకాలి నొప్పి ఎలా ఉందో ఈసారి తప్పకుండా రాయి. గత వారం సంగతి చాలు.